తలుపుల్లేని దేవుడి గది: పాత ఫ్లాటు కొనుగోలులో ఒక కేసు

ఫ్లాటు ధర కోటీ పన్నెండు లక్షలు. తగాదా నాలుగు లక్షల చిల్లర దగ్గర మొదలై లక్షన్నర దగ్గర ముగిసింది. ఇంత చిన్న మొత్తానికి ఇంత రాత ఎందుకని మా జూనియర్లు అడిగారు. టైటిల్ (యాజమాన్య హక్కు) తగాదాల మీద పుస్తకాలకు కొదవ లేదు, లింకు డాక్యుమెంట్లు (ఆస్తి చేతులు మారిన పాత దస్తావేజులు) ఎలా చూడాలో ఏ వకీలైనా చెబుతాడు. ఇల్లు చూసిన రోజున ఉన్న కుళాయి తాళాలు చేతికొచ్చే రోజుకు మాయమైతే ఏం చేయాలో చెప్పేవారే తక్కువ. పాత ఇళ్ల క్రయవిక్రయాలు ఎక్కువగా చూస్తాను కాబట్టి ఈ రకం ఫిర్యాదు నా దగ్గరకు తరచుగా వస్తుంది. చాలామంది నాలుగు రోజులు తిట్టుకుని వదిలేస్తారు. ఈ కక్షిదారులు వదల్లేదు. వారి అనుమతితోనే రాస్తున్నాను. మనుషులను గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను.

జరిగింది

హైదరాబాదు పడమటి శివారులో ఒక గేటెడ్ కమ్యూనిటీ, అందులో మూడు పడకగదుల ఫ్లాటు. యజమాని డాలస్‌లో ఉద్యోగం చేస్తున్నారు. ఇక్కడి పనులన్నీ ఆయన బావమరిది చూశారు. అమ్మకానికి మాత్రమే పరిమితమైన స్పెషల్ పవరాఫ్ అటార్నీ బావమరిది పేరున ఉంది. అమెరికాలో రాసిన ఆ కాగితానికి ఇక్కడికి చేరిన మూడు నెలల లోపు స్టాంపు డ్యూటీ కట్టించారు కాబట్టి ఆ వైపు లోపం లేదు. ఫ్లాటులో రెండేళ్లుగా ఒక కుటుంబం అద్దెకు ఉంటోంది.

కొన్నవారు భార్యాభర్తలు, ఇద్దరూ ఉద్యోగులే. భర్త తల్లి వారితోనే ఉంటారు. వైశాఖంలో ఇల్లు చూసి, నచ్చి, అగ్రిమెంటు రాసుకున్నారు. బ్యాంకు లోను మంజూరయ్యే వేళకు ఆషాఢం వచ్చింది. శ్రావణం రాగానే రిజిస్ట్రేషన్, ఆ వెంటనే గృహప్రవేశం అని ముహూర్తం పెట్టుకున్నారు. అగ్రిమెంటు రాసింది మధ్యవర్తి. ఆయన దగ్గర ఎప్పుడూ ఉండే నమూనాలో పేర్లు, అంకెలు మార్చి ఇచ్చారు. షెడ్యూలులో, అంటే ఆస్తి వివరాల పట్టికలో, ఫ్లాటు నంబరు, విస్తీర్ణం, భూమిలో అవిభాజ్య వాటా, నాలుగు హద్దులు, కారు పార్కింగు ఉన్నాయి. ఇంటి లోపల ఏముందో ఒక్క మాట లేదు. ప్రకటనలో మాత్రం ‘సెమీ ఫర్నిష్డ్’ అని ఉంది. ఆ మాటకు చట్టంలో అర్థం లేదు. మార్కెట్టులోనూ ఇద్దరు బ్రోకర్లను అడిగితే రెండు అర్థాలు చెబుతారు.

రిజిస్ట్రేషన్ నాడు సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలోనే బ్యాంకు చెక్కు బావమరిది చేతికి వెళ్లింది. తాళాలు అడిగితే, ‘అద్దెకున్నవాళ్లు మొన్ననే ఖాళీ చేశారు, ఇల్లు కడిగించి ఎల్లుండి ఇస్తాను’ అని వాట్సాప్‌లో సందేశం పెట్టారు. డబ్బు మొత్తం చేతులు మారాక తాళాలకు రెండు రోజులు ఆగడం మన దగ్గర మామూలు విషయం. ఎవరికీ అది వింతగా అనిపించలేదు.

గృహప్రవేశం ముందురోజు సాయంత్రం తలుపు తీస్తే దేవుడి గదికి తలుపుల్లేవు. చిన్న గంటలు వేలాడదీసిన చెక్కుడు పని టేకు తలుపులవి. అత్తగారికి ఆ ఇల్లు నచ్చడానికి సగం కారణం అవే. వంటింటి గట్టు మీద గ్రానైటుకు కోసిన చోట హాబ్ (గట్టులోకి దించి బిగించే గ్యాసు పొయ్యి) లేదు, చతురస్రపు కంత ఉంది. పైన చిమ్నీ లేదు. మూడు గీజర్లు లేవు. ఆరు ఫ్యాన్లు లేవు. పెద్ద పడకగది బాత్‌రూములో షవరు, దాని డైవర్టరు, కుళాయిలు విప్పుకుపోయి ప్లాస్టిక్ బిరడాలు బిగించారు. ఫోనుతో నడిచే స్మార్టు స్విచ్చులు ఉండాల్సిన చోట గోడల్లోంచి తీగలు బయటికి వచ్చి ఉన్నాయి. ఆ పూట పసిపిల్లలు ఎవరైనా ఇంట్లో ఉంటే ఈ కేసు వేరే కోర్టుకు వెళ్లేది. హాల్లో ఇత్తడి గొలుసుల ఉయ్యాల, రెండు ఏసీలు, ఇన్వర్టరు, భోజనాల బల్ల పైనుండే షాండ్లియర్ కూడా లేవు. తాళాల గుత్తిలో ఒక పడకగది చెవి లేదు.

మరునాటి ఉదయం ఆవును తెచ్చారు, పాలు పొంగించారు, దేవుడి గదికి ఒక పట్టుచీరను తెరగా కట్టి కార్యక్రమం కానిచ్చారు. తర్వాతి వారం నా దగ్గరకు వచ్చారు.

ఎప్పుడు పోయింది అన్న ప్రశ్న

వాళ్లు తెచ్చిన జాబితా మొత్తం నాలుగు లక్షల మూడు వేలకు తేలింది. అన్నింటికీ కొత్త ధరలు వేశారు. భర్త అప్పటికే పోలీసు స్టేషనుకు వెళ్లి, ‘ఇది సివిల్ వ్యవహారం’ అన్న జవాబు విని వచ్చారు. ఆయన కోపమంతా ఏమేమి పోయాయన్న దాని మీదే ఉంది. నేను మొదట అడిగింది ఒక్కో వస్తువు ఎప్పుడు పోయిందని.

ఈ రకం కేసులో మూడు వ్యవధులుంటాయి. ఇల్లు చూసిన నాటి నుంచి అగ్రిమెంటు వరకు ఒకటి, అగ్రిమెంటు నుంచి రిజిస్ట్రేషన్ వరకు రెండోది, రిజిస్ట్రేషన్ నుంచి తాళాల వరకు మూడోది. ఒకే కుళాయి ఈ మూడింటిలో ఎప్పుడు మాయమైందన్న దాన్నిబట్టి కొన్నవారికుండే హక్కు మారిపోతుంది. కాబట్టి వస్తువుల జాబితా పక్కన తేదీల గడి ఒకటి గీసి, దాన్ని నింపే ఆధారాల కోసం బయలుదేరాం.

మొదటి ఆధారం కోడలి ఫోనులో దొరికింది. ఊళ్లో ఉన్న తన తండ్రికి చూపించడానికి అగ్రిమెంటుకు ముందురోజు ఇల్లంతా తిరుగుతూ వీడియో తీశారామె. తేదీ, సమయం అందులోనే ఉన్నాయి. దేవుడి గది తలుపులు తెరుస్తుంటే గంటలు మోగడం కూడా వినిపిస్తుంది. ఆ వీడియో చూస్తుండగానే ఒక వస్తువు మా జాబితాలోంచి జారిపోయింది. షాండ్లియర్ అందులో లేదు! ప్రకటనలోని ఫొటోలు అద్దెకు ఇవ్వకముందు తీసినవి. షాండ్లియర్ రెండేళ్ల కిందటే పోయింది, వీరు దాన్ని ఫొటోలో తప్ప ఇంట్లో ఎన్నడూ చూడలేదు. మనసు ఒకసారి ఇల్లు చూశాక, ప్రకటనలో చూసినదాన్ని కూడా కళ్లతో చూసినట్టే గుర్తు పెట్టుకుంటుంది. ఎదుటి వకీలు ఆ షాండ్లియర్ పట్టుకుని మిగతా జాబితా అంతటినీ అబద్ధమనేవాడు.

రెండోది బ్యాంకు వాల్యుయేషన్ రిపోర్టు. లోను ఇచ్చే ముందు బ్యాంకు పంపిన ఇంజనీరు ఇల్లు చూసి ఫొటోలు తీస్తాడు. ఆ రిపోర్టు బ్యాంకు ఫైలులో పడి ఉంటుంది, కొన్నవారు దాన్ని అడిగి తెచ్చుకోవడం అరుదు. ఇది అగ్రిమెంటు తర్వాత తీసింది కాబట్టి మాకు మరీ విలువైనది. వంటగది, స్నానాల గదులు, దేవుడి గది ఫొటోలు స్పష్టంగా ఉన్నాయి. ఇంటీరియర్స్‌కు వేరుగా ఒక విలువ కూడా కట్టారు. అంటే ఆ బిగింపుల మీద కూడా బ్యాంకు అప్పు ఇచ్చినట్టే.

మూడోది గేటు. ఇలాంటి సముదాయాల్లో సామాను బయటికి వెళ్లాలంటే అసోసియేషన్ గేట్ పాస్ ఉండాలి, వచ్చిపోయే పనివాళ్ల వివరాలు ఫోను యాప్‌లో నమోదవుతాయి. సీసీ కెమెరా దృశ్యాలు పాతబడితే చెరిగిపోతాయి కాబట్టి వాటిని భద్రపరచమని ఆ రోజే అసోసియేషన్‌కు లేఖ ఇప్పించాను. రిజిస్టరు ప్రకారం రెండు వ్యాన్లు వెళ్లాయి. మొదటిది అద్దెదారు పిలిపించుకున్న ప్యాకర్స్ వాహనం. రెండోది రిజిస్ట్రేషన్‌కు ముందురోజు సాయంత్రం వెళ్లిన చిన్న ట్రాలీ. పాస్ మీద బావమరిది సంతకం, ‘డోర్స్, ఫ్యాన్స్, కిచెన్ ఐటమ్స్, ఊయల’ అన్న రాత ఉన్నాయి. రిజిస్ట్రేషన్ అయిన మరునాడు ఒక ప్లంబరు, ఒక ఎలక్ట్రీషియన్ ఆ ఫ్లాటుకు వచ్చి వెళ్లినట్టు యాప్ చెప్పింది. ఇల్లు కడగడానికి ఎలక్ట్రీషియన్ ఎందుకో ఎవరూ వివరించలేకపోయారు.

నాలుగోది మేము ఊహించనిది. ఏసీలు, ఇన్వర్టరు ఎవరివో తేల్చుకోవడానికి ఖాళీ చేసి వెళ్లిన అద్దెదారుకు ఫోను చేశాం. అవి తనవేనని ఆయన బిల్లులు పంపారు. డిపాజిట్టులో కోత పెట్టారని ఆయనకూ బావమరిది మీద గుర్రు ఉంది కాబట్టి, అడగకుండానే అద్దె ఒప్పందం కూడా పంపారు. పదకొండు నెలల ఒప్పందం, మళ్లీ పొడిగించినది. దాని చివరి పేజీలో యజమాని ఇచ్చిన సామాను పట్టిక ఉంది: ఫ్యాన్లు ఆరు, గీజర్లు మూడు, చిమ్నీ ఒకటి, హాబ్ ఒకటి, పూజగది తలుపులు ఒక జత, స్మార్ట్ స్విచ్‌లు, బాత్‌రూము ఫిట్టింగులు. కింద బావమరిది సంతకం. పదకొండు నెలలకు ఇల్లు ఇచ్చేటప్పుడు ఫ్యాన్లు లెక్కపెట్టి సంతకాలు తీసుకున్న మనిషే, కోటి రూపాయలకు పైగా పలికిన అగ్రిమెంటులో ఒక్క ఫ్యాను పేరు రాయనివ్వలేదు. కొన్నవారూ అడగలేదు. మన దగ్గర ఇది ఈ ఒక్క ఇంట్లోనే జరిగేది కాదు. అద్దె కాగితంలో అపనమ్మకం ఉంటుంది, అమ్మకపు కాగితంలో మొహమాటం ఉంటుంది.

చట్టం ఎంతవరకు వస్తుంది

ఆస్తి బదిలీ చట్టం 1882 నాటిది. దాని ఎనిమిదో సెక్షన్ చదివితే ఈ తగాదాను దృష్టిలో పెట్టుకుని రాశారా అనిపిస్తుంది. ఇల్లు బదిలీ అయితే దానితోపాటు తాళాలు, తాళపుచెవులు, అడ్డకమ్ములు, తలుపులు, కిటికీలు, ఇంటితో శాశ్వతంగా వాడుకోవడానికి ఏర్పాటు చేసిన మిగతావన్నీ వెళతాయని అందులో ఉంది. దస్తావేజులో వేరేగా రాసుకుంటే తప్ప ఇదే నియమం. మూడో సెక్షన్ ‘భూమికి అతుక్కున్నది’ అంటే ఏమిటో చెబుతుంది: చెట్టులా వేళ్లూనినది, గోడలా పాతుకున్నది, అలా పాతుకున్నదాని శాశ్వత ప్రయోజనం కోసం దానికి బిగించినది.

ఈ చివరి మాటలోనే వివాదమంతా ఉంది. ఎంత గట్టిగా బిగించారు, ఎందుకు బిగించారు అని రెండు ప్రశ్నలు వేసుకోవడం ఇంగ్లండులో 1872 నాటి హాలండ్ వర్సెస్ హాడ్జ్‌సన్ తీర్పు నుంచి వస్తున్న పద్ధతి. బిల్డరు స్థలంలో కుప్ప పోసిన రాళ్లు చరాస్తి, అవే రాళ్లను సున్నం లేకుండా పేర్చి గోడ కడితే స్థిరాస్తి అని అందులో జడ్జి ఇచ్చిన ఉదాహరణ. మన సిర్పూర్ కాగితపు మిల్లుకు సంబంధించిన ఎక్సైజ్ కేసులో సుప్రీంకోర్టు ఇదే తర్కాన్ని ఇంకో వైపు నుంచి వాడింది. అదరకుండా నడవడం కోసం యంత్రాన్ని కాంక్రీటు దిమ్మెకు బిగించినంత మాత్రాన అది స్థిరాస్తి కాదంది. బోల్టు బిగింపు కన్నా బిగించిన ఉద్దేశానికే విలువ ఎక్కువ.

ఆ జల్లెడలో మా జాబితాను వేశాను. దేవుడి గది తలుపుల గురించి వాదనే లేదు, చట్టంలో పేరు పెట్టి మరీ రాసి ఉంది. కుళాయిలు, షవరు, స్విచ్చులు ఇంటి శాశ్వత వాడకానికే. కొలత ప్రకారం గ్రానైటు కోసి దించిన హాబ్, గొట్టంతో బయటికి కలిపిన చిమ్నీ కూడా అంతేనని నా వాదన. గీజర్ల మీద నాకు తొంభై పాళ్లు నమ్మకం. ఫ్యాన్ల దగ్గర సందేహం ఉంది. కొక్కేనికి వేలాడే ఫ్యానును విప్పితే పైకప్పుకు ఏమీ కాదు, అమ్మేవారు ఫ్యాన్లు పట్టుకెళ్లడం మన వాడుకలో ఉన్నదే. ఇక్కడ అద్దె పట్టిక వల్ల అవి ‘ఇంటివి’ అని యజమానే ఒప్పుకున్నట్టయింది కాబట్టి ఉంచాను. ఉయ్యాలను వదిలేయమన్నాను. పైకప్పులోని కొక్కేలు ఇంటివి, వాటికి తగిలించిన బల్ల, గొలుసులు చరాస్తి. దాని మీద భర్త నాతో చాలాసేపు వాదించారు. ఏసీలు, ఇన్వర్టరు అద్దెదారువి. అద్దెకున్నవారు తాము బిగించుకున్నవాటిని, ఇల్లు తీసుకున్న స్థితిలో తిరిగి అప్పగిస్తే చాలు, విప్పుకుపోవచ్చని ఆస్తి బదిలీ చట్టమే 108వ సెక్షన్‌లో చెబుతుంది.

ఏసీలు, ఇన్వర్టరు, ఉయ్యాల, షాండ్లియర్ తీసేశాక జాబితా రెండు లక్షల ఇరవై ఒక్క వేలకు వచ్చింది.

ఇక తేదీలు. అగ్రిమెంటుతో ఆస్తి మీద హక్కు బదిలీ కాదని 54వ సెక్షన్ చెబుతుంది. రిజిస్ట్రేషన్ రోజు ఇంటికి అతికి ఉన్నవే ఎనిమిదో సెక్షన్ కింద కొన్నవారికి వస్తాయి. ముందురోజే ట్రాలీ ఎక్కిన తలుపులు ఆ క్షణానికి ఇంటికి అతికి లేవు. అందుకే ఒక్క ఎనిమిదో సెక్షన్ పట్టుకుని వెళితే ఎదుటివారు అక్కడ తప్పించుకుంటారు. ఆ ఖాళీని పూడ్చేది 55(1)(ఇ). అగ్రిమెంటు తేదీ నుంచి ఆస్తి అప్పగించే వరకు, వివేకం ఉన్న యజమాని ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో అంత జాగ్రత్తగా అమ్మకందారు దాన్ని చూడాలి. ఇంటి తలుపులు తానే ఊడదీసుకోవడం ఏ జాగ్రత్త కిందికీ రాదు.

రిజిస్ట్రేషన్ తర్వాత పోయిన కుళాయిలు, స్విచ్చుల సంగతి ఇంకా తీవ్రం. అవి అప్పటికే కొన్నవారి సొత్తు. గోడకు ఉన్నంతసేపు వాటిని దొంగిలించడం కుదరదు, విప్పిన మరుక్షణం అవి దొంగతనానికి లోబడే చరాస్తి అవుతాయి. పాత శిక్షాస్మృతి 378వ సెక్షన్ వివరణలో ఉన్న ఈ సూత్రమే 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 303లోనూ ఉంది.

ఇల్లు చూశాక, అగ్రిమెంటుకు ముందు పోయిన వస్తువు మా కేసులో లేదు. ఉంటే కష్టమే, ఎందుకంటే అగ్రిమెంటు నాటి స్థితినే కొన్నట్టు లెక్క అని ఎదుటివారు అంటారు. ఇంగ్లండులో 2002లో అప్పీలు కోర్టు తేల్చిన టేలర్ వర్సెస్ హేమర్ కేసు సరిగ్గా ఇదే. కొనేవారు చూసిన తోటలోని రాతి పలకలను, కాంట్రాక్టు కుదిరే లోపు అమ్మకందారు తవ్వి తీయించేశారు. కొన్నవారే గెలిచారు. మన కోర్టులో అది దారి చూపుతుందే తప్ప శాసించదు.

వినియోగదారుల కమిషన్‌కు వెళదామా అని కోడలు అడిగారు. ఒక వ్యక్తి తన ఇల్లు ఇంకొకరికి అమ్మితే అందులో ‘సేవ’ ఏదీ లేదు. ఆ దారి బిల్డర్ల మీద ఫిర్యాదుకు, స్థిరాస్తి ప్రాజెక్టులను నియంత్రించే రెరా కూడా అంతే.

నోటీసు, జవాబు

నోటీసు డాలస్‌కు ఈమెయిల్‌లోను, బావమరిదికి రిజిస్టర్డ్ పోస్టులోను ఒకేసారి పంపాను. ఇద్దరికీ ఎందుకంటే, ఏజెంటు పనికి యజమాని బాధ్యుడు, కానీ ఇతరుల సొత్తును స్వయంగా తీసుకున్న ఏజెంటు ‘నేను మధ్యవాడినే’ అని పక్కకు తొలగలేడు. వీడియో, గేట్ పాస్, అద్దె పట్టిక జతచేశాను. తిట్లు లేకుండా రాశాను. తగాదా అంటే వకీలు నోటీసులో నిప్పులు కురిపించాలని కక్షిదారులు ఆశిస్తారు. విదేశాల్లో ఉన్న అమ్మకందారుకు నిజం తెలియకపోయే అవకాశం ఉన్నప్పుడు నిప్పు కన్నా ఫొటో ఎక్కువ పని చేస్తుంది.

అదే జరిగింది. యజమాని మరునాడే జవాబిచ్చారు. కుళాయిలు, స్విచ్చుల సంగతి తనకు తెలియదన్నారు. తలుపుల విషయం తెలుసట. అవి తన మామగారు ఊళ్లోని పాత ఇంటి టేకుతో కూతురి కోసం చేయించినవి, తీసి ఉంచమని భార్య తమ్ముడికి చెప్పిన మాట నిజమేనట. బావమరిది మా ఆఫీసుకు వచ్చినప్పుడు ఇంకో మాట చెప్పారు: “కొన్నవాళ్లు ఎలాగూ ఇంటీరియర్ అంతా మారుస్తారు కదండీ వకీలు గారూ, చెత్తలో పడేసేవి పట్టుకెళ్లాను.” హాబ్, చిమ్నీ కొంపల్లిలో ఆయన కట్టుకున్న కొత్త ఇంట్లో అప్పటికే బిగించేశారు. ఈ సాకు నేను చాలాసార్లు విన్నాను. కొన్నవారు మార్చుకుంటారన్నది నిజం కావచ్చు, పాత హాబును పారేయడమో అమ్ముకోవడమో వారి ఇష్టం.

వారి వకీలు రాతపూర్వకంగా ఇచ్చిన జవాబు మాత్రం బలమైనది. దస్తావేజులో ‘ఖాళీ స్వాధీనం ఈ రోజే అప్పగించడమైనది’ అని ఉంది కదా, స్వాధీనం పుచ్చుకున్నాక లోపల ఏముందో మాకేం సంబంధం అన్నారు. రాష్ట్రంలో ఏ సేల్ డీడ్ తీసినా ఆ వాక్యం ఉంటుంది. నిజంగా ఆ రోజే తాళాలు ఇచ్చారా లేదా అన్నది ఎవరూ చూడరు.

దానికి నా జవాబు రెండు వాక్యాలు. ఆ మాట నిజమైతే, మరునాడు మీ ప్లంబరు, ఎలక్ట్రీషియన్ మా కక్షిదారు స్వాధీనంలో ఉన్న ఇంట్లోకి వెళ్లి ఆయన సొత్తు విప్పుకుపోయారు, అది 303 కింద దొంగతనం. అబద్ధమైతే, తాళాలు ఇచ్చిన రోజు వరకు 55(1)(ఇ) బాధ్యత మీదే. ‘ఎల్లుండి ఇస్తాను’ అన్న వాట్సాప్ సందేశం కూడా జతచేశాను. ఆ వాదన మళ్లీ ఎత్తలేదు.

క్రిమినల్ ఫిర్యాదు ఇవ్వమని భర్త పట్టుబట్టారు. నేను వద్దన్నాను. కుళాయిలు, స్విచ్చులు కలిపి అరవై ఎనిమిది వేలు. ఆ ఒక్క ముక్క మీద కేసు నడిచేలోపు తలుపులు, వంటగది సంగతి మరుగున పడిపోతుంది, రాజీకి సిద్ధంగా ఉన్న యజమాని బావమరిది పక్షాన బిగుసుకుంటారు. పైగా కాంట్రాక్టు ఉల్లంఘనకు పరిహారం అడగడానికి మూడేళ్ల గడువు ఉంది, తొందర లేదు.

రాజీ

కొత్త ధరలన్నీ అడగడం న్యాయం కాదని కక్షిదారులకు ముందే చెప్పాను. అయిదేళ్లు వాడిన గీజరుకు కొత్త గీజరు ధర ఏ కోర్టూ ఇప్పించదు. హాబ్, చిమ్నీ, గీజర్లు, ఫ్యాన్లు, కుళాయిలు కలిపి కొత్తవైతే లక్షా ఇరవై ఒక్క వేలు, వాటికి సగం వేశాం. స్విచ్చులకు పూర్తి మొత్తం, ఎందుకంటే అక్కడ నష్టం వస్తువుదే కాదు, తెగ్గోసిన తీగలను సరిచేయించిన ఖర్చు కూడా. తలుపులకు వడ్రంగి ఇచ్చిన అంచనా అరవై వేలు, అందులో తగ్గించలేదు, మంచి టేకు ఏళ్లు గడిచేకొద్దీ ధర కోల్పోదు. మొత్తం లక్షా అరవై వేల దాకా వచ్చింది.

మా చేతిలో ఒక పిడి కూడా ఉంది. అసోసియేషన్ దగ్గర అమ్మకందారు పేరున ఉన్న కార్పస్ ఫండ్ (సముదాయం ఉమ్మడి నిధి) వాటా డెబ్బై అయిదు వేలు కొన్నవారి పేరుకు మారింది, దాన్ని నగదుగా ఇస్తామని వీరు విడిగా ఒప్పుకున్నారు, ఇంకా ఇవ్వలేదు. బావమరిది రోజూ అడుగుతున్నది దాని గురించే.

తలుపుల దగ్గర వ్యవహారం చిక్కుబడింది. భర్తకు అవే తలుపులు వెనక్కి రావాలి. చట్టం ఆయన వైపే ఉంది, ఆ మాట నేను దాచలేదు. డాలస్ నుంచి వీడియో కాల్‌లో యజమాని భార్య మాట్లాడారు, తండ్రి పోయి ఏడాది కాలేదని చెప్పారు. అప్పటివరకు ఒక్క మాటా అనని అత్తగారు కొడుకుతో, “ఒకరి ఉసురు పోసుకున్న తలుపులు దేవుడి గదికి వద్దురా, డబ్బు తీసుకుని కొత్తవి చేయించు” అన్నారు. నా అనుభవంలో ఇలాంటి తగాదాలు సెక్షన్ల దగ్గర కన్నా ఇలాంటి మాటల దగ్గరే ఎక్కువగా తెగుతాయి.

లక్షన్నరకు కుదిరింది. కార్పస్ ఫండ్ డెబ్బై అయిదు వేలు చెల్లించనక్కర్లేదు, మిగతా డెబ్బై అయిదు వేలు యజమాని ఖాతా నుంచి వస్తాయి, తలుపులు వారివే. తెల్లకాగితం మీద రాసుకుని చేతులు దులుపుకుందామన్నారు బావమరిది. నేను ఒప్పుకోలేదు. ఆయన పవరాఫ్ అటార్నీ అమ్మకానికే, రాజీ పడే అధికారం అందులో లేదు. ఆయన సంతకంతో కుదిరిన రాజీని రేపు యజమాని కాదంటే మేము చేయగలిగింది తక్కువ. రాజీకి ప్రత్యేకంగా అధికార పత్రం తెప్పించి, జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ప్రీ లిటిగేషన్ (దావా వేయకముందే రాజీకి పెట్టే) కేసుగా పెట్టి, లోక్ అదాలత్ అవార్డు తీసుకున్నాం. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం ప్రకారం ఆ అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. మొత్తం వ్యవహారంలో ఎక్కువ కాలం పట్టింది డాలస్ నుంచి ఆ కాగితం రావడానికే. పడకగది తాళపుచెవి కూడా అవార్డులో ఒక అంశంగా రాయించాను, క్లర్కు నవ్వాడు. చట్టంలో ఉన్నదే కదా.

ఇప్పుడు అగ్రిమెంటులో రాస్తున్నది

ఈ కేసు తర్వాత నేను రాసే ప్రతి పాత ఇంటి అగ్రిమెంటుకూ ‘బి’ షెడ్యూలు ఉంటోంది. అందులోని మాటలు దాదాపు ఇవి: ‘బి షెడ్యూలులో రాసి, జతచేసిన ఫొటోలలో కనబడుతున్న బిగింపులు, సామాను ఈ ధరలో భాగం. తాళాలు అప్పగించే వరకు వాటిని ఇప్పుడున్న స్థితిలో ఉంచే బాధ్యత విక్రేతది. ఏది తగ్గినా దాని ఎదుట రాసిన మొత్తాన్ని ఆఖరి చెల్లింపులో మినహాయించుకునే హక్కు కొనుగోలుదారుకు ఉంటుంది.’ ప్రతి వస్తువు ఎదుట అంకె ఉండాలి. అంకె లేని జాబితా మళ్లీ వాదనకే దారి తీస్తుంది.

దానికన్నా ముఖ్యమైన పేజీ ఇంకొకటి ఉంది: విక్రేత పట్టుకెళ్లే వస్తువుల జాబితా. మామగారు చేయించిన తలుపులు, తాతగారి ఉయ్యాల లాంటివి అక్కడ ముందే రాయాలి. అగ్రిమెంటు రోజున ‘ఈ తలుపులు మాకు కావాలి’ అని యజమాని భార్య ఒక్క మాట రాయించి ఉంటే కొన్నవారు మారు మాట్లాడేవారు కాదు, ఆ సంగతి వాళ్లే నాకు చెప్పారు. ఇంగ్లండులో ఇల్లు అమ్మేవారు ఏది వదిలి వెళుతున్నారో, ఏది తీసుకెళుతున్నారో నింపి ఇవ్వడానికి టీఏ10 అనే ఫారమే ఉంది. మనకు అలాంటి ఫారం లేదు. తెల్లకాగితం చాలు, అద్దె ఒప్పందం చివరి పేజీ చాలామంది ఇళ్లలో నమూనాగా ఉండనే ఉంది.

ఆఖరి చెల్లింపు ఎంత అట్టిపెట్టాలన్నది బేరాన్నిబట్టి ఉంటుంది. బ్యాంకు తన చెక్కును రిజిస్ట్రేషన్ నాడే ఇచ్చేస్తుంది, అందులో కోత కుదరదు. అందుకే కొన్నవారి సొంత డబ్బులోంచి ఒక భాగం తాళాలతో ముడిపెడతాను. రిజిస్ట్రేషన్ రోజు పొద్దున్నే ఇల్లు మళ్లీ చూడమంటాను, అద్దెదారు అంతకు ముందే ఖాళీ చేసి ఉండాలంటాను. వారు ఇంకా ఉండగా రిజిస్ట్రేషన్ చేయించుకుంటే, ఏది ఎవరు తీశారో తేల్చడం ఈ కేసులోలాగా ప్రతిసారీ కలిసిరాదు.

సామాను జాబితా వేరుగా రాస్తున్నాం కదా, ధరలో పాతిక లక్షలు దానికింద చూపిస్తే తెలంగాణలో పడే ఏడున్నర శాతం రిజిస్ట్రేషన్ ఖర్చు కొంత మిగులుతుందని మధ్యవర్తులు సలహా ఇస్తారు. పాత సోఫాకు, మంచాలకు పాతిక లక్షలంటే తక్కువ విలువ చూపారన్న తగాదా వస్తుంది, బ్యాంకు కూడా ఆ భాగానికి గృహరుణం ఇవ్వదు. నేను ఆ పని చేయను.

బ్యాంకు వేలంలో కొన్న ఇంటికి ఇదంతా పనికిరాదు. బాకీ కోసం తాకట్టు ఆస్తిని బ్యాంకు అమ్ముకునే వీలిచ్చే సర్ఫేసీ చట్టం కింద వేలానికి వచ్చే ఇళ్లను ‘ఎక్కడ ఎలా ఉంటే అలా’ అనే షరతుతో అమ్ముతారు. ఇల్లు పోతుందని తెలిసిన రుణగ్రహీత కిటికీ చట్రాలతో సహా విప్పుకుపోయిన ఇళ్లు నేను చూశాను. అక్కడ అడగడానికి అగ్రిమెంటు లేదు, అమ్మకందారు బ్యాంకు. వేలానికి ముందు తనిఖీ రోజున స్వయంగా వెళ్లి వీడియో తీసుకోవాలి. బ్యాంకు స్వాధీనం చేసుకున్న నాటి పంచనామా, ఫొటోలు చూపించమని రాతపూర్వకంగా అడగాలి. ఆ స్వాధీనం తర్వాత ఇంటిని కాపాడే బాధ్యత బ్యాంకుదే కాబట్టి, తేడా వస్తే మాట్లాడటానికి ఆ ఒక్క తేదీ అయినా చేతిలో ఉంటుంది.